కార్పెట్ ఎందుకు ముడతలు పడుతుంది?



హాస్టల్‌లో చేరిన కొత్తలో మనకు ఇచ్చే సామాన్లలో ట్రంకు పెట్టె, పళ్ళెం, గ్లాసు, దుప్పటితో పాటు ఒక కార్పెట్ కూడా ఉంటుంది. కార్పెట్ అంటే పెద్ద పెద్ద బంగళాలలో పరిచేదని మన ఊళ్ళో అనుకుంటారు. మనకు మాత్రం అదే మంచం, అదే పరుపు, పరీక్షల ముందు అదే చదువుకునే బల్ల. కొత్తగా ఇచ్చినప్పుడు పలకలా చదునుగా పరుచుకున్న ఆ కార్పెట్, ఏడాది తిరిగేసరికి నడుమ ఉబ్బుతుంది, అంచులు ముడుచుకుంటాయి, మూలలు వంకర పోతాయి. ఎందుకని? ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ దీని గురించి రాయడానికి మాకు ఒక కారణం ఉంది.

మేము తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఒక హాస్టల్‌లో సామాన్ల లెక్క జరిగింది. ఆరో తరగతి తమ్ముడు ఒకడి కార్పెట్ బాగా సాగిపోయి, ముడతలు పడి ఉంది. లెక్క చూస్తున్న సారు "దీని మీద ఎగిరి దుంకి ఖరాబు చేసినవు, మీ నాయనను తీసుకరా" అన్నారు. ఆ నాయన ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. కార్పెట్‌ను బండల మీద పరిచి, చేత్తో నిమిరి చూసి ఇలా అన్నాడు: "సారూ, పిలగాడు గుంజితే మూలలు సాగుతయి. ఇది నడుమల ఉబ్బింది, అంచు గుంజుకున్నది. తలుపు కాడ జల్లు కొట్టే జాగల ఏసుకుంటే నూలు గిట్లనే అయితది. నులక సుత ఎండకాలం ఒక తీరుంటది, వానకాలం ఒక తీరుంటది." ఆయన మంచాలు అల్లిన మనిషి. సారు ఏమీ అనలేదు, రిజిస్టరు మూసి వెళ్ళిపోయారు. కానీ ఆ తరువాత వారం రోజులు ఆ తమ్ముడు కార్పెట్‌ను చుట్టి గోడకు ఆనించి, ఉత్త బండ మీద పడుకున్నాడు. మళ్ళీ ముడతలు పడితే నాయనకు ఇంకో రోజు కూలి పోతుందని వాడి భయం.

ఆ రోజు ఆ నాయన చెప్పింది నిజమని పై చదువులకు వచ్చిన తరువాత మాకు పుస్తకాల ద్వారా తెలిసింది. ఆ విషయాన్నే మీతో పంచుకుంటున్నాము.

మగ్గం మీది బిగువు

మన హాస్టళ్ళకు వచ్చే కార్పెట్లు చాలావరకు నూలుతో నేసినవి. ఊళ్ళో వీటినే జంపఖానా, శత్రంజి అంటారు. ఆప్కో ద్వారా, రాష్ట్ర విభజన తరువాత టెస్కో ద్వారా చేనేత సహకార సంఘాల సరుకు హాస్టళ్ళకు చేరుతూ వచ్చింది. మన పక్కనే ఉన్న వరంగల్ ఈ నేతకు పేరు పొందింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చూపించారు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఏ నేతలోనైనా రెండు వరుసల దారాలు ఉంటాయి. నిలువుగా బిగించి కట్టినది పడుగు. అడ్డంగా పోయేది పేక. జంపఖానా నేసేవారు పడుగును బాగా లాగి కట్టి, పేకను పంజాతో గట్టిగా కొడుతూ దగ్గరకు చేరుస్తారు. పడుగు దారాలు తెగకుండా ముందే గంజి పెడతారు. అంటే మగ్గం మీద ఉన్నంత సేపు దారం సాగదీసిన స్థితిలో ఉంటుంది. మగ్గం నుండి కోసి తీయగానే అది తన పాత పొడవుకు పోవాలని చూస్తుంది. అయితే వెంటనే పోలేదు. దారాల మధ్య రాపిడి, గంజి దాన్ని పట్టి ఉంచుతాయి. కొత్త కార్పెట్ చదునుగా, బిర్రుగా ఉండటానికి కారణం ఇదే. ఆ బిగువు లోపలే దాగి ఉంటుంది.

తేమ చేసే పని

ఆ బిగువును వదిలించేది నీరు. మొదటిసారి తడిసినప్పుడు గంజి కరుగుతుంది, దారాలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, పడుగు వెనక్కి గుంజుకుంటుంది.

దీనికి తోడు నూలు పోగు నీరు పీల్చుకుంటే లావు అవుతుంది, పొడవు మాత్రం దాదాపు పెరగదు. కట్టెల మోపుకు తాడు కట్టేటప్పుడు మోపు ఎంత లావుగా ఉంటే తాడు కొసలు అంత పొట్టిగా మిగులుతాయి కదా. పడుగు లావెక్కితే, దాన్ని చుట్టి వచ్చే పేకకు దారి ఎక్కువ అవుతుంది. పేక పొడవు పెరగదు కాబట్టి గుడ్డ దగ్గరకు గుంజుకుంటుంది.

తడవకపోయినా గాలిలోని తేమ చాలు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల ఎండు నూలు సుమారు 8 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉన్ని అయితే సుమారు 16 గ్రాములు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతంలో మే నెలలో గాలి ఎండిపోయి ఉంటుంది. జూన్, జూలైలలో వానలు పడగానే గాలి తడి అవుతుంది. ప్రతి సంవత్సరం కార్పెట్ ఇలా ఉబ్బి, మళ్ళీ ఎండి, కొంచెం కొంచెంగా ఆకారం మారుతుంది.

కార్పెట్ అంతా ఒకే తీరుగా తడిసి ఒకే తీరుగా ఎండితే కొంచెం చిన్నదవుతుంది, అంతే. తలుపు దగ్గర జల్లు ఒక పక్క మాత్రమే తడిపినప్పుడు కష్టం వస్తుంది. ఆ పక్క గుంజుకుంటుంది, మిగతాది అలాగే ఉంటుంది. చీరకు ఫాల్ కుట్టే అక్కలను అడగండి. ఫాల్‌ను ముందు నీళ్ళలో నానబెట్టకుండా కుడితే, మొదటిసారి ఉతకగానే ఫాల్ గుంజుకుని చీర అంచు మొత్తం ముడతలు పడుతుంది. చీర చెడిపోలేదు, దాని పొడవూ మారలేదు. రెండింటి కొలతలు కలవలేదు. కార్పెట్‌లో జరిగేది కూడా ఇదే.

ఒరుపు చేసే పని

మనిషి బరువు వల్ల కార్పెట్ సాగుతుందని చాలామంది అనుకుంటారు. కింద బండ ఉంది కాబట్టి ఆ బరువును బండ మోస్తుంది. కార్పెట్‌ను సాగదీసేది పక్కకు లాగే బలం. నిద్రలో పొర్లడం, కూర్చుని జరగడం, ట్రంకు పెట్టెను కార్పెట్ మీదుగా ఈడ్వడం, కార్పెట్‌ను ఒక మూల పట్టుకుని గుంజుకుపోవడం వంటివన్నీ ఈ పని చేస్తాయి. నున్నటి షాబాద్ బండల మీద కార్పెట్ జారి ఒక చోట పోగవుతుంది కూడా.

నూలుకు సాగిన తరువాత తిరిగి వచ్చే గుణం తక్కువ. నూలు దారాన్ని 2 శాతం సాగదీసి వదిలితే సుమారు ముప్పావు వంతు వెనక్కి వస్తుంది. 5 శాతం సాగదీస్తే సగం కూడా రాదు. ఇక ఇసుక, దుమ్ము దారాల మధ్య చేరి ఆకురాయిలా పోగులను కోస్తూ ఉంటాయి. పోగులు తెగిన కొద్దీ నేత వదులవుతుంది.

ఒక లెక్క చేద్దాం

పదో తరగతి తమ్ముళ్ళు పైథాగరస్ సిద్ధాంతం చదివే ఉంటారు. కార్పెట్ పొడవు 6 అడుగులు, అంటే 72 అంగుళాలు అనుకుందాం. అంచులు 72 అంగుళాలే ఉండి, నడిమి భాగం మాత్రం 1 శాతం సాగింది. అప్పుడు నడుమ పొడవు 72.72 అంగుళాలు. తేడా ముక్కాలు అంగుళం కూడా లేదు. ఈ ఎక్కువ పొడవు పైకి లేవాలి. గుడారంలా ఒకే చోట లేచిందనుకుంటే, సగం పొడవు 36.36 కర్ణం, 36 భూమి. ఎత్తు వర్గం 1322 లోంచి 1296 తీసివేస్తే 26. వర్గమూలం సుమారు 5.1. అంటే ముక్కాలు అంగుళం కన్నా తక్కువ తేడాకు 5 అంగుళాల ఉబ్బు! నిజానికి కార్పెట్ తన బరువుకు కుంగి నాలుగైదు చిన్న ముడతలుగా పంచుకుంటుంది. ఇంత సాగడానికి ఎవరూ దాని మీద ఎగిరి దుంకవలసిన పని లేదని ఈ లెక్క చెబుతుంది.

ముడత చూసి కారణం చెప్పవచ్చు

నడుమ ఉబ్బి అంచులు బిగుతుగా ఉంటే, అంచు గుంజుకున్నదన్న మాట. ఇది తరచుగా తడి వల్ల, లేదా నేతలోనే అంచు బిగువు ఎక్కువ అయినందువల్ల వస్తుంది.

నడుమ చదునుగా ఉండి అంచులు అలలలా లేస్తే, అంచు సాగిందన్న మాట. తడి కార్పెట్‌ను అంచు పట్టి వేలాడదీసినా, రోజూ అంచు పట్టి గుంజినా ఇలా అవుతుంది.

నాలుగు మూలలు కలవకుండా ఏటవాలుగా పోతే, ఎవరో ఒక మూల పట్టుకుని ఈడ్చారు. ఆ తమ్ముడి నాయన చెప్పిన తేడా ఇదే.

నేతలో లోపం ఉన్నదీ లేనిదీ కొత్తది తీసుకున్న రోజే చూడవచ్చు. వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. సందులు కనిపించినా, గోటితో తోస్తే దారాలు పక్కకు జరిగినా పేక దగ్గరగా కొట్టలేదని అర్థం. అది ఎవరు వాడినా తొందరగా వదులవుతుంది.

గొంగడి, గది నిండా పరిచే కార్పెట్

మహబూబ్‌నగర్ జిల్లా వారికి గొంగడి తెలియనిది కాదు. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టి తయారు చేస్తారు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల వంటి పొలుసులు ఉంటాయి. వేడి నీళ్ళలో వేసి రుద్దితే పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గొంగడి గట్టిపడి గుంజుకుంటుంది. నూలును మళ్ళీ లాగి సరి చేయవచ్చు కానీ ఇలా గుంజుకున్న ఉన్ని తిరిగి రాదు. కాబట్టి గొంగడిని వేడి నీళ్ళతో ఉతకవద్దు.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న అన్నలు ఆఫీసులలో గది నిండా పరిచిన కార్పెట్లు చూసే ఉంటారు. వాటి పోగులు చాలావరకు సింథటిక్. అవి నీరు అంతగా పీల్చవు, కానీ అడుగున జిగురుతో అతికించిన పొర ఉంటుంది. ఆ జిగురు పట్టు వదిలినా, పరిచేటప్పుడు గోడల వెంట మేకుల పట్టీలకు సరిగా లాగి బిగించకపోయినా, కుర్చీలు, బీరువాలు ఈడ్చినా ఉబ్బులు వస్తాయి. ఆ పనివాళ్ళు మళ్ళీ వచ్చి లాగి బిగించి, మిగిలిన ముక్క కోసి వేస్తారు. మన నులక మంచానికి కాళ్ళ వైపు బిగించుకునే తాడు ఉంటుంది. కార్పెట్‌కు ఆ తాడు లేదు, అందుకే దాన్ని మనమే చూసుకోవాలి.

మనం చేయగలిగినవి

1. కార్పెట్ కింద ఈత చాప గానీ గోనె సంచి గానీ వేసుకోవాలి. బండ తడి ఎక్కదు, జారదు.

2. నూలు కార్పెట్ రెండు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. నెలకు ఒకసారి తిరగేసి, తల వైపు కాళ్ళ వైపుకు మార్చాలి.

3. తడిసిన కార్పెట్ బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. దాన్ని సన్నని తీగ మీద వేలాడదీయవద్దు. ప్రహరీ గోడ మీద వెడల్పుగా పరిచి ఆరబెట్టాలి.

4. పెట్టెను ఇద్దరు పట్టి ఎత్తాలి, ఈడ్వవద్దు. వారానికి ఒకసారి దుమ్ము దులపాలి.

5. ఊడిన దారాన్ని గుంజవద్దు, కత్తిరించాలి. కొసల కుచ్చులు విడిపోతే ముడి వేయాలి.

6. ముడతలు పడిన నూలు కార్పెట్ మీద నీళ్ళు చల్లి, గుంజుకున్న అంచును ఇద్దరు మెల్లగా లాగి, చదునైన చోట పరిచి, నాలుగు వైపులా బరువైన ట్రంకు పెట్టెలు పెట్టాలి. పూర్తిగా ఎండే వరకు కదిలించవద్దు. అంతా పోకపోయినా చాలావరకు సర్దుకుంటుంది. అడుగున జిగురు పొర ఉన్నవాటికి ఈ పని చేయవద్దు.

7. తలుపు పక్క జాగా, కిటికీ కింది జాగా ఎప్పుడూ చిన్న తరగతుల తమ్ముళ్ళకే మిగులుతుంది. మేము కూడా పెద్ద తరగతికి రాగానే గోడ పక్క మంచి జాగా చూసుకున్న వాళ్ళమే. నెలకు ఒకసారి జాగాలు మార్చుకుంటే ఒకే కార్పెట్ ప్రతి వానకూ తడవదు, ఒకే తమ్ముడు ప్రతి రాత్రీ చలికి వణకడు.

చివరగా ఒక మనవి. సామాన్ల లెక్క చూసే పెద్దలు, రూము లీడర్లు ఎవరి కార్పెట్ అయినా పాడైనట్లు కనిపిస్తే ముందు దాన్ని బండల మీద పరిచి చూడండి. నడుమ ఉబ్బిందా, అంచు లేచిందా, మూల వంకర పోయిందా అని గమనించండి. అది ఏ జాగాలో పరిచి ఉందో అడగండి. అంతా చూసిన తరువాత రాయవలసింది రాయండి. తమ్ముళ్ళకు మేము చెప్పేది ఒక్కటే: కార్పెట్ ముడతలు పడుతుందని భయపడి బండ మీద పడుకోకండి. అది మీరు పడుకోవడానికే ఇచ్చారు.