పింఛన్ దరఖాస్తు ఎక్కడ ఆగింది? లెక్క అడగడం ఎలా?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల లబ్ధిదారులకు)

2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో కోరుట్ల, సిరిసిల్ల మున్సిపాలిటీలకు జాతీయ అవార్డులు వచ్చాయి. పేపర్లో చూసే ఉంటారు. ఆ పోటీకి మొత్తం 7,500 మార్కులు. అందులో 2,250 ప్రజల అభిప్రాయానికి, భాగస్వామ్యానికే. అంటే చెత్త పని ఎట్లా నడుస్తుందో ఆఫీసు చెప్పింది రాసుకుంటే సరిపోలేదు, జనాన్ని కూడా అడిగారు.

పింఛన్ పనికి అలాంటి మార్కుల పోటీ లేదు. బీడీ కార్మికుల జీవన భృతి, వితంతు, చేనేత పింఛన్లు 2019లో 1,000 నుంచి 2,016 రూపాయలకు పెరిగాయి. దరఖాస్తు ఒక్క నెల ఆగినా ఆ ఇంట్లో మందుల దగ్గర తెలుస్తుంది.

ఇల్లు కట్టుకునేవాళ్లకు చట్టమే గడువు పెట్టింది. టీఎస్ బీపాస్ కింద 21 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. పింఛన్‌కు ఈ నియమం లేదు. ఆఫీసు ఏమీ చెప్పకపోతే మంజూరైనట్టు కాదు. అందుకే తేదీని మీరే పట్టుకోవాలి.

మున్సిపల్ ఆఫీసులో ఇచ్చినా, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చినా, నంబరు, తేదీ ఉన్న రసీదు లేకుండా వెనక్కి రావద్దు. తర్వాత "పరిష్కారం అయింది" అంటే అక్కడితో ఆగకండి. మంజూరు చేసినా పరిష్కారమే, అర్హత లేదని పక్కన పెట్టినా పరిష్కారమే. రెండింట్లో ఏదో కాగితం మీద అడగండి.

అప్పటికీ తేలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. కానీ "నా పింఛన్ ఎందుకు ఇస్తలేరు?" అని రాస్తే లాభం తక్కువ. ఈ చట్టం రికార్డులో ఉన్నది ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు. ఇట్లా రాయండి: "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో నేను ఇచ్చిన దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, వారు దాని మీద ఏమి రాశారు, ఆ పేజీల నకళ్లు ఇవ్వగలరు." అప్పుడు ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు ఉందో బయటపడుతుంది. నా లెక్కలో ఏ ర్యాంకు కన్నా ఇదే అసలు కొలత.

మున్సిపాలిటీకి ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, రుజువుగా కార్డు జిరాక్స్ జతచేయండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి అప్పీలు చేయాలి, ఆపైన రాష్ట్ర సమాచార కమిషన్. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 వరకు జరిమానా వేయవచ్చు. అది ఆఫీసు మీద కాదు, ఆ అధికారి మీదే.

ఒక్కరి సమస్య కాకుండా వాడంతటిదీ అయితే వార్డు కమిటీకి తీసుకుపోండి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు. ఒక్కో దాంట్లో 15 మంది. మీ వార్డు కమిటీల్లో ఎవరెవరున్నారో ముందు పేర్లు అడగండి. చాలామందికి తమ పక్కింటివాళ్లే సభ్యులని తెలియదు.

రాయడం రానివాళ్లు వెనకాడవద్దు. జిరాక్స్ సెంటర్లో డబ్బులిచ్చి రాయించుకోవాల్సిన పని కూడా లేదు. మీరు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సింది ఆఫీసులోని పౌర సమాచార అధికారే. సెక్షన్ 6లో అట్లా ఉంది. ఆయన పేరు ఆఫీసు బోర్డు మీద చూడండి.