పేరులో గుట్ట... రోడ్డు కింద వాగు

అమీర్‌పేట: మెట్రో రైలు మార్గాలు రెండు కలిసే కూడలిగా, సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు నెలవుగా అమీర్‌పేట అందరికీ సుపరిచితమే. ఒకప్పుడు ఇది నగర కోటగోడకు వెలుపల, మూసీకి ఉత్తరాన ఉన్న పల్లె అన్న సంగతి తెలిసినవారు తక్కువ. పొలాలు, గుట్టలు, వాగులు కనుమరుగైనా ఆ పాత నేల స్వభావం మారలేదు. ఏటా వానాకాలంలో అది గుర్తుచేస్తూనే ఉంది.

పేర్ల వెనుక...

నిజాం కొలువులో అగ్రశ్రేణి ప్రభువులైన పైగా వంశీకులు ‘అమీర్-ఎ-కబీర్’ బిరుదు వహించేవారు. వారి జాగీరు కావడంతో ఊరికి అమీర్‌పేట అన్న పేరు స్థిరపడిందని చెబుతారు. పంజాగుట్ట పేరులో రెండు భాషలున్నాయి. పంజా అంటే ఉర్దూలో ఐదువేళ్ల హస్తం. గుట్ట అచ్చ తెలుగు మాట.

ఎర్రమంజిల్ కథ మరీ ఆసక్తికరం. ఆ గుట్టను స్థానికులు ఎర్రగడ్డ అనేవారు. 1870 ప్రాంతంలో దానిపై భవంతి నిర్మించిన నవాబు ఫక్రుల్ ముల్క్ ‘ఇరం మంజిల్’ అని నామకరణం చేశారు. ఇరం అంటే ఫార్సీలో స్వర్గవనం. జనం నోట అది మళ్లీ ఎర్రమంజిల్‌గానే నిలిచింది! కొత్త శాసనసభ కోసం ఈ భవనాన్ని కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించగా, అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఊరు నగరంలో కలిసిన క్రమంలో 1950ల చివర సారథి స్టూడియో, 1960లలో నేటి నిమ్స్‌కు మూలమైన ఎముకల ఆసుపత్రి వెలిశాయి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది.

వాలు ఎటో నీరు అటే

పడమట బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రాతిగుట్టలు. తూర్పున పల్లంలో హుస్సేన్‌సాగర్. కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో ఆ చెరువును తవ్వించారు. ఈ రెంటి నడుమ వాలులో ఉన్నవే అమీర్‌పేట, పంజాగుట్ట. కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలు నాలుగూ సాగర్‌లోకే చేరతాయి. గుట్టమీద కురిసిన వాన వాగుల్లోకి దిగి, చెరువుకు చేరే ఏర్పాటు ప్రకృతి చేసిందే. మనుషులు చేసింది వాగును ఇరుకుచేయడం.

నేల సిమెంటుతో కప్పబడ్డాక ఇంకే నీరు తగ్గింది, పారే నీరు పెరిగింది. గంటసేపు గట్టివాన పడితే యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మధురానగర్‌ల మీదుగా వరద మైత్రీవనం వద్దకు చేరి రోడ్డే వాగవుతుంది. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు పొరుగున ఉన్న బేగంపేటలో ఇళ్లు నీట మునిగాయి. రోడ్డు ఎత్తు పెంచడం ఇందుకు మందు కాదు. నీరు పక్క బస్తీలోకి మళ్లుతుందంతే. నాలా పూర్తి వెడల్పున ఉంటేనే నీరు సాగర్ చేరుతుంది.

నేలకింది నీటికి గుర్తు కావాలంటే ఆనుకునే ఉన్న బల్కంపేటకు వెళ్లాలి. అక్కడి ఎల్లమ్మ విగ్రహం గుడి నేల కంటే దిగువన, బావిలో ఉంది. ఆషాఢంలో కల్యాణోత్సవానికి వచ్చే భక్తులు ఆ బావినీటినే తీర్థంగా స్వీకరిస్తారు.