ముడిలో దాగిన లెక్క

తాడునో దారాన్నో మెలివేసి బిగిస్తే ఏర్పడే కట్టును తెలుగులో ముడి అంటారు. ఇంగ్లీషులో అదే నాట్. ప్రాచీన ఇంగ్లీషులో ‘క్నొట్టా’గా పలికిన ఈ మాట, అల్లడమనే అర్థమున్న ‘నిట్’కు దగ్గరి చుట్టం. విడదీయరాని చిక్కుకూ, వివాహబంధానికీ ఇంగ్లీషువారు దీన్నే వాడగా, తెలుగువారు పీటముడి, మూడుముళ్లు అన్నారు. అయితే ముడి కట్టడానికే కాక లెక్కపెట్టడానికీ పనికివచ్చిందన్నది దాని చరిత్రలో విలువైన విషయం.

పూర్వం నావికులు చెక్కముక్కకు కట్టిన తాడును సముద్రంలోకి వదిలి, దానిపై సమదూరాల్లో వేసిన ముడులు ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని చేతిలోంచి జారాయో లెక్కించి ఓడ వేగం తెలుసుకునేవారు. తరువాత స్థిరపడిన పద్ధతిలో గడియారం 28 సెకన్లు నడిచేది, ముడుల మధ్య ఎడం సుమారు 14.4 మీటర్లుండేది. ఆ విధంగా నాట్ గంటకు 1.852 కిలోమీటర్ల వేగానికి కొలమానమైంది. బంగాళాఖాతంలోని గాలులు 34 నాట్లకు, అంటే గంటకు సుమారు 62 కిలోమీటర్లకు చేరినప్పుడే వాతావరణ శాఖ తీవ్ర వాయుగుండాన్ని తుఫానుగా ప్రకటిస్తుంది.

ముడితో వయసునూ లెక్కించారు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవారు పుట్టినరోజును ‘సాల్‌గిరా’ అంటారు. పారశీకంలో సాల్ అంటే సంవత్సరం, గిరా అంటే ముడి. ఏడాదికొక ముడి చొప్పున దారానికి వేసి వయసు లెక్కించిన ఆచారం ఆ పేరులో నిలిచింది. బట్టల కొలతలో గజానికి పదహారో వంతును కూడా గిరా అనేవారు.

హైదరాబాదుకు తూర్పున ఉన్న భూదాన్ పోచంపల్లిలో ముడి నేటికీ లెక్కతోనే పడుతోంది. అక్కడి నేతకున్న ‘ఇకత్’ అన్న పేరుకు మూలమైన మలయ్ పదానికీ కట్టడమనే అర్థం. నూలును చట్రంపై సాగదీసి, గీసుకున్న నమూనా ప్రకారం రంగు తగలకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, అద్దకం వేసి, ముడులు విప్పి, మరో రంగు కోసం మళ్లీ కడతారు. నేత మొదలవక ముందే చీరలోని ప్రతి పువ్వూ నూలులో సిద్ధమై ఉంటుంది. ఒక ముడి పక్కకు జరిగితే రూపం చెదురుతుంది.

2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనితనాన్ని అచ్చు నకళ్లు దెబ్బతీస్తున్నాయి. అసలైన ఇకత్‌లో నూలుకే రంగు పట్టడం వల్ల బట్ట రెండువైపులా నమూనా ఒకేలా కనిపిస్తుంది, నమూనా అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చువేసిన బట్టకు వెనుకవైపు వెలిసినట్టుంటుంది. కొనేవారు చీరను తిరగేసి చూసే అలవాటు చేసుకుంటే, ఆ ముడులు వేసిన చేతులకు దక్కవలసిన ధర దక్కుతుంది.