సభ లేని స్పీకరు, ఓటు లేని యుద్ధం

1999 మే నెలలో కార్గిల్ కొండల మీద చొరబాటుదారులు కనబడేసరికి ఢిల్లీలో లోక్‌సభే లేదు. స్పీకరు మాత్రం ఉన్నారు. ఆయన మన కోనసీమ మనిషి, అమలాపురం నుంచి గెలిచి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగి. సభ రద్దయినా కొత్త సభ కొలువుతీరే దాకా స్పీకరు పదవి పోదని రాజ్యాంగం 94వ అధికరణలో ఉంది. ఆ యుద్ధకాలమంతా ఆయన సభ లేని సభాపతి.

మండపేట ఇప్పుడు అమలాపురం లోక్‌సభ స్థానంలోనిదే. రైసు మిల్లుల అరుగుల మీద అన్ని రాజకీయాలూ నడిచే ఊరు. యుద్ధం చేయమనేదెవరు, దానికి డబ్బిచ్చేదెవరు అన్న ప్రశ్న అక్కడ ఎందుకు రాకూడదు?

మన దగ్గర సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతి పేర ఉంటుంది, నిర్ణయం మంత్రివర్గానిది. రక్షణ పద్దు మీద ఓటు వేసేది లోక్‌సభ. రాజ్యసభ చర్చించవచ్చు గానీ ఓటెయ్యలేదు. యుద్ధానికి దిగే ముందు పార్లమెంటును అడగాలని మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అమెరికాలో యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌దని రాసే ఉంది. అయినా అధ్యక్షులు ప్రకటన ఊసే లేకుండా సేనలను పంపుతూ వచ్చారు. చివరికి 1973లో కాంగ్రెస్ ఖజానాకు తాళం వేసింది. కంబోడియా మీద బాంబుల వాన ఆ ఆగస్టులో ఆగింది నిధులు ఆగినందుకే. నవంబరులో నిక్సన్ వీటోను సైతం తోసేసి, అనుమతి లేని యుద్ధానికి 60 రోజుల గడువు పెట్టింది. ఆ గడువును ఆ తర్వాతి అధ్యక్షులు ఎంత లెక్కచేశారన్నది వేరే కథ.

మళ్లీ 1999కి వద్దాం. ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 269కి 270. ఆ రోజు సభ నడిపింది బాలయోగే. తర్వాత కొద్ది రోజులకే చర్చ లేకుండా బడ్జెట్ గట్టెక్కింది, 26న సభ రద్దయింది. అంటే ఆపద్ధర్మ ప్రభుత్వం యుద్ధంలోకి దిగేనాటికి డబ్బు చేతిలోనే ఉంది, అడిగే సభ లేదు.

రద్దు కాని సభ ఒకటుంది కదా, రాజ్యసభను పిలవండని ప్రతిపక్షం కోరింది. పిలవలేదు. చట్టప్రకారం తప్పేమీ కాదు, కానీ నాకు ఇక్కడే మనసొప్పదు. 1962లో చైనాతో యుద్ధం నడుస్తుండగా పార్లమెంటు పెట్టాలని నెహ్రూను అడిగినవారిలో యువ వాజపేయి ఒకరు. నెహ్రూ నవంబరు 8న సభ పెట్టించి, ఎదురుగా కూర్చుని మాటలు పడ్డారు.

1999 అక్టోబరులో కొత్త సభ వచ్చింది, బాలయోగి మళ్లీ స్పీకరయ్యారు. కార్గిల్ అప్పటికి మూడు నెలల కిందటి మాట. 2000-01 బడ్జెట్‌లో రక్షణకు 58,587 కోట్లు పెట్టారు. అంతకుముందు ఏడు అంచనా 45,694 కోట్లే. 2025-26కి అది 6.81 లక్షల కోట్లయింది. చాలా ఏళ్లుగా ఈ పద్దు మీద చర్చకు వేళ దొరకడం లేదు. గడువు చివరి రోజున మిగతా పద్దులతో కలిపి గిలటిన్ కింద పెట్టి, ఒక్క మూజువాణి ఓటుతో దాటించేస్తున్నారు.