చెప్పిన మాట వినని దీపాలు

సాయంత్రం ఆరున్నర. 'హాల్లో లైటు వెయ్యి' అని మనవరాలు ఫోనుకి చెప్పగానే హాలు వెలిగిపోయింది. 'వరండాలో లైటు వెయ్యి' అంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోసారి చెబితే వెలిగి, అంతలోనే ఆరిపోయింది. 'ఇందుకేనా అంత డబ్బు పోసింది! లేచి స్విచ్చు వేసుకుంటే అయిపోయేదిగా' అంటూ నాయనమ్మ ఒకటే నవ్వు.

సాయంత్రం కాబట్టి నవ్వుకోవచ్చు. అదే అర్ధరాత్రి తాతయ్య బాత్రూమ్‌కని లేచాడనుకోండి. అలికిడి కాగానే దానంతటదే వెలగాల్సిన నడవా దీపం ఆ ఒక్క రాత్రీ వెలగలేదనుకోండి. చీకట్లో కాలు జారితే ఆ వయసులో తుంటి ఎముకకే ముప్పు. అందుకే ఇంట్లో స్మార్ట్ దీపాలు పెట్టుకున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. చాలాసార్లు చెడిపోయేది బల్బు కాదు... దానికి మాట చేరే దారి!

కరెంటు తీగలో కబుర్లు

ఈ తంటా ఇవాళ్టిది కాదు. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ ఉండేది. దీపాలకు వేరే తీగలేవీ లాగకుండా ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదే ఆదేశాలు పంపే పద్ధతిని 1975లో ఆ కంపెనీ తయారుచేసింది. అది వాళ్ల పదో ప్రాజెక్టు. అందుకే 'ఎక్స్10' అని పేరు. ఇంటికో అక్షరం, దీపానికో అంకె... పదహారు అక్షరాలు, పదహారు అంకెలు, మొత్తం 256 చిరునామాలు. 1978 నుంచీ అమెరికా దుకాణాల్లో అమ్మకానికొచ్చింది.

ముచ్చటతోపాటే చిక్కులూ వచ్చాయి. అక్కడి ఇళ్లకు కరెంటు రెండు లైన్లుగా వస్తుంది. ఒక లైనులో పంపిన ఆదేశం రెండో లైనులోని దీపానికి సరిగా చేరేది కాదు. టీవీలు, కంప్యూటర్ల పవర్ సప్లైలు ఆ సంకేతాన్ని మింగేసేవి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రెండిళ్లవాళ్లు ఒకే అక్షరం పెట్టుకుంటే మరీ వింత. పక్కింటాయన మీట నొక్కితే ఈ ఇంట్లో దీపం వెలిగేది! పైగా తొలినాటి పరికరాల్లో చాలావాటికి 'విన్నాను' అని బదులు చెప్పే ఏర్పాటే లేదు. పంపినవాడు పంపానని అనుకుంటాడు, దీపం మాత్రం చీకట్లోనే ఉంటుంది.

దానికి అప్పటివాళ్లు వాడిన చిట్కా ఒకటుంది. ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, ఒక్కొక్కటీ మళ్లీ పెడుతూ చూడటం. ఏది పెట్టగానే దీపం మొండికేస్తే అదే దొంగ. యాభై ఏళ్లు గడిచినా ఆ వైద్యం ఇప్పటికీ పనికొస్తుంది.

గాలిలో గలాటా

ఇప్పుడు మాటలు తీగల్లో కాదు, గాలిలో నడుస్తున్నాయి. వైఫై, జిగ్‌బీ, బ్లూటూత్... మూడూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. మైక్రోవేవ్ ఓవెనూ ఆ చుట్టుపక్కలే. అపార్ట్‌మెంట్లో అయితే పైఫ్లాటు, కిందిఫ్లాటు, పక్కఫ్లాటు రౌటర్లన్నీ అందులోనే చేరతాయి. సంతలో నిలబడి గుసగుసలాడినట్టే!

జిగ్‌బీకి ఈ పట్టీలో 11 నుంచి 26 దాకా పదహారు ఛానెళ్లున్నాయి. వైఫైని 1, 6, 11 ఛానెళ్లలో దేనిమీద పెట్టినా జిగ్‌బీ 25, 26 ఛానెళ్లకు దాని తాకిడి తక్కువ. కొన్ని పరికరాలు 26ని సరిగా పట్టుకోలేవు కాబట్టి 25 మేలు. అయితే ఛానెల్ మారిస్తే కొన్ని దీపాలను మళ్లీ జతచేయాల్సి రావచ్చు.

వైఫై బల్బులది ఇంకో గొడవ. చాలా బల్బులకు 2.4 తప్ప 5 గిగాహెర్ట్జ్ వైఫై అర్థంకాదు. ఫోనేమో 5లో ఉంటుంది. 'బల్బు దొరకడం లేదు' అంటూ గంటలకొద్దీ కుస్తీ పట్టేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. ఇక రౌటర్ పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు వైఫై దీపాలన్నీ ఒక్కసారే మూగబోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. కొత్త పాస్‌వర్డ్ వాటికి ఎవరూ చెప్పలేదు మరి!

ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. హబ్‌ని టీవీ వెనకాల, రౌటర్‌ని ఇనప బీరువా మీద, సెన్సర్‌ని అద్దం పక్కన పెట్టి 'సిగ్నల్ అందడంలేదు' అంటే అది వాటి తప్పు కాదు. ఇనుము, కాంక్రీటు, పెద్ద అద్దాలు... మూడూ గాలిలో మాటకి అడ్డుగోడలే.

నాయనమ్మ మంచి అలవాటు

గదిలోంచి బయటికొస్తూ స్విచ్చు ఆపేయడం మన ఇళ్లలో పెద్దవాళ్లు నేర్పిన మంచి అలవాటు. చిత్రంగా స్మార్ట్ దీపాలకు అదే గండం. జిగ్‌బీ బల్బులు ఒకదాని మాట మరొకదానికి అందిస్తూ పోతాయి. హబ్ చెప్పింది హాలు బల్బుకి, అది నడవా బల్బుకి, అక్కణ్నుంచి వరండాకి. మధ్యలో గోడమీద స్విచ్చు ఆపేస్తే నడవా బల్బు ఒక్కటే కాదు, దాని వెనకున్న వరండా కూడా మూగబోవచ్చు. మళ్లీ స్విచ్చు వేసినా పాత దారులన్నీ కుదురుకోవడానికి ఒక్కోసారి గంటలు పడుతుంది. బ్యాటరీతో నడిచే సెన్సర్లు ఇలా మాట అందించవు, కేవలం చెబుతాయి, అంతే. కాబట్టి సెన్సర్‌కీ హబ్‌కీ మధ్య ఎప్పుడూ కరెంటుండే జిగ్‌బీ ప్లగ్గు ఒకటి పెడితే దారి తెగదు.

పిల్లలు సరదాగా స్విచ్చుని టకటకా నాలుగైదుసార్లు వేసి ఆపినా ఇబ్బందే. కొన్నిరకాల బల్బులకు అది 'అన్నీ మర్చిపో' అని చెప్పినట్టు. కరెంటు వరసగా వచ్చిపోయినా అంతే.

కరెంటు కోతది మరో కథ. బల్బుకి ఇన్వర్టర్ లైను ఉంటుంది, రౌటర్‌కి ఉండదు. దీపానికి ప్రాణం ఉంటుంది, చెవులుండవు! హబ్‌నీ రౌటర్‌నీ కూడా ఇన్వర్టర్ లైనుకి కలిపిస్తే సరి. అర్ధరాత్రి కరెంటు రాగానే దీపాలన్నీ భగ్గున వెలిగి నిద్ర లేపుతుంటే, 'కరెంటు వచ్చాక ఎలా ఉండాలి' అన్న సెట్టింగ్ ఉందేమో యాప్‌లో వెతకాలి.

అమెరికా బల్బు, ఆంధ్రా హబ్బు

అమెరికా నుంచి వస్తూ అబ్బాయో అమ్మాయో తెచ్చే జడ్‌వేవ్ స్విచ్చులు ఇక్కడ కొన్న హబ్‌తో ఎంత ప్రయత్నించినా మాట్లాడవు. అక్కడ జడ్‌వేవ్ 908 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, మనదేశంలో 865 దగ్గర. ఒకరు ఒక స్టేషనులో పాడుతుంటే ఇంకొకరు వేరే స్టేషను పెట్టుకుని వింటున్నట్టు. పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఆ పరికరం 230కి పనికొస్తుందని దానిమీద రాసి లేకపోతే ప్లగ్గులో పెట్టడమే ప్రమాదం.

దారి అమెరికా మీదుగా

'లైటు వెయ్యి' అన్న మాట చాలా సందర్భాల్లో ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి వెళ్లి, తిరిగి మన పడగ్గదికి వస్తుంది. ఆ సర్వర్ ఆగితే? 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా మూగబోయాయి. ఫోను ఆదేశాలకు దీపాలు పలకలేదు. గోడమీది స్విచ్చులు మాత్రం పనిచేశాయి. చివరికి ఆ ఏడాది జూన్‌లో, ఆ పరికరాలు వాడేవాళ్లే కొందరు కలిసి వ్యాపారాన్ని కొని మళ్లీ నడిపించారు. వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంట్లోనే నేరుగా మాట్లాడుకునేలా 'మేటర్' అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది కూడా ఆ సంవత్సరం అక్టోబరులోనే. కొత్తగా కొనేవాళ్లు ఆ గుర్తు ఉందేమో చూసుకోవడం మంచిది.

వరసగా చూస్తే...

* ముందు గోడమీది స్విచ్చు వేసి ఉందా, బల్బుకి కరెంటు అందుతోందా చూడాలి.

* ఒక్క దీపమా, అన్నీనా? అన్నీ పలక్కపోతే రౌటర్, హబ్, ఇంటర్నెట్‌లలో లోపం. ఒక్కటే అయితే ఆ దీపం దగ్గరే వెతకాలి.

* మొండికేసిన బల్బుని హబ్ దగ్గరున్న హోల్డర్‌లో పెట్టి చూడాలి. అక్కడ వెలిగితే బల్బు మంచిదే, దారిలోనే తేడా ఉంది.

* కొత్తగా కొన్న వస్తువులేమైనా ఉంటే ఒక్కొక్కటే ఆపి చూడాలి.

* సెన్సర్ బ్యాటరీ మార్చి చూడాలి. పండగకి ఇల్లు దులిపేటప్పుడే ఈ పనీ పెట్టుకుంటే మర్చిపోరు.

* రీసెట్ ఆఖరి అస్త్రం. చాలామంది దాంతోనే మొదలుపెట్టి, ఉన్న పేర్లూ సమయాలూ అన్నీ పోగొట్టుకుంటారు.

* స్విచ్చుబోర్డు విప్పాల్సి వస్తే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఇన్నీ సరిచేసుకున్నాక తాతయ్య నడిచే దారిలో ఓ మామూలు జీరో బల్బు కూడా రాత్రంతా వెలగనివ్వండి. దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పలేదని అది మానదు కూడా!