ల్యాప్‌టాప్‌లో సున్నా, ఫోన్‌లో ‘నాన్’: కంపైలర్ మన లెక్కని ఎలా మార్చేస్తుందంటే..

మా మావయ్యని డాక్టర్ రోజూ 5 కిలోమీటర్లు నడవమన్నారు. ఎంత నడిచాడో చూపించే చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటి నేనే రాసిచ్చా. మొదటి రోజు రాజమండ్రి గోదావరి గట్టు మీద నడిచి, పుష్కర్ ఘాట్ దగ్గర టీకి ఆగి, ఫోన్ చూసుకుని నాకు కాల్ చేశాడు.

“ఏరా అబ్బాయ్, నడక అయ్యాక నాన్ తినమంటోందేంట్రా నీ యాప్?”

కిలోమీటర్లు ఉండాల్సిన చోట ‘నాన్’ అని ఉంది. అది రొట్టె కాదు! “ఇది అంకె కాదు” అని చెప్పడానికి ఫ్లోటింగ్ పాయింట్‌లో వాడే విలువ. దానికి ఏం కూడినా మళ్ళీ నాన్ వస్తుంది. అంటే మావయ్య టీ తాగిన ఐదు నిమిషాల్లో, పొద్దుటి నడక లెక్కంతా గోదాట్లో కలిసింది. అదే కోడ్‌కి అవే లొకేషన్లు నా ల్యాప్‌టాప్‌లో ఇస్తే మాత్రం లెక్క కరెక్ట్‌గానే వచ్చింది.

అసలు తేడా ఎక్కడ?

దూరం లెక్కని సీ ప్లస్ ప్లస్‌లో రాశా. సైన్, కొసైన్‌లు గుణించి కూడి, వచ్చిన విలువకి ఆర్క్ కొసైన్ తీయాలి. మనిషి కదలకపోతే రెండు పాయింట్లూ ఒకటే కాబట్టి ఆ విలువ సరిగ్గా 1 రావాలి. ఫోన్‌లో మాత్రం కొన్ని చోట్ల 1.0000000000000002 వచ్చింది. 1 దాటిన కొసైన్ ఉండదు కదా, అందుకే నాన్.

దీనికి కారణం ఎఫ్ఎంఏ. గుణకారం, కూడిక రెండూ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌లో చేసి, చివర్లో ఒక్కసారే రౌండ్ చేస్తుంది. మూడు అంకెలే గుర్తుంచుకునే కాలిక్యులేటర్ ఊహించుకోండి. 1.23ని 1.23తో గుణిస్తే 1.5129, రౌండ్ చేస్తే 1.51. మామూలుగా అదే లబ్ధాన్ని అందులోంచి తీసేస్తే 1.51 - 1.51 = 0. ఎఫ్ఎంఏ అయితే ఒక లబ్ధాన్ని రౌండ్ చేయదు: 1.5129 - 1.51 = 0.0029. ఒక్కో స్టెప్ ఎక్కువ కచ్చితమే, కానీ సున్నా రావాల్సిన చోట సున్నా రాలేదు!

64 బిట్ ఆర్మ్ ఫోన్ చిప్‌లన్నిట్లో ఎఫ్ఎంఏ ఉంటుంది. క్లాంగ్ 14 నుంచి కంపైలర్ మనం చెప్పకుండానే దాన్ని వాడుతుంది. మామూలు 64 బిట్ ఇంటెల్ ల్యాప్‌టాప్ బిల్డ్‌లో మనం అడిగితే తప్ప వాడదు.

రెండో దెబ్బ

నాన్ వస్తే వదిలేయమని ఒక చెక్ పెట్టా. డీబగ్ బిల్డ్ ఫోన్‌లో బాగానే పనిచేసింది. రిలీజ్ బిల్డ్‌లో స్పీడ్ కోసం ఫాస్ట్-మ్యాథ్ ఫ్లాగ్ ఆన్ చేసి పంపా. మర్నాడు మావయ్య నుంచి మళ్ళీ కాల్!

తప్పు నాదే. ఫాస్ట్-మ్యాథ్ అంటే “నా లెక్కల్లో నాన్ ఎప్పుడూ రాదు” అని కంపైలర్‌కి మనం మాటివ్వడం. అది ఆ మాట నమ్మి, “అయితే ఈ చెక్ దండగ” అని తీసేసింది.

ఇది కొత్త గొడవేం కాదు. జీసీసీలో 2000లో నమోదైన 323వ నంబర్ బగ్ ఇలాంటిదే. పాత ఎక్స్87 యూనిట్ 80 బిట్లలో లెక్క చేసి, మెమరీలో పెట్టేటప్పుడు 64కి కుదించేది. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఏది ఎప్పుడు కుదుస్తుందో మారిపోయి, జవాబు కూడా మారేది.

మీరేం చేయాలి?

• ఆర్క్ కొసైన్‌కి ఇచ్చే ముందు విలువని -1, 1 మధ్య బిగించండి. దగ్గరి దూరాలకి హావర్‌సైన్ ఫార్ములా ఇంకా మేలు.
• ఎంత స్పీడ్ పెరుగుతుందో కొలవకుండా ఫాస్ట్-మ్యాథ్ జోలికి వెళ్ళొద్దు.
• అన్ని డివైజుల్లో ఒకే జవాబు కావాలంటే, ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఆప్షన్ ఆఫ్ చేయడం మొదటి మెట్టు.
• టెస్టింగ్ రిలీజ్ బిల్డ్‌తో, అసలు ఫోన్ మీదే చేయండి.

ఇప్పుడు మావయ్య ఎన్ని టీలు తాగినా కిలోమీటర్లు చెక్కుచెదరట్లేదు. యాప్ పేరు మాత్రం ఆయన నోట్లో ‘రొట్టె యాప్’గానే ఉండిపోయింది.