సూక్ష్మదర్శిని క్రింద అంగిలి మచ్చ

శ్రీకాకుళం పల్లెలలో చుట్ట నిప్పును నోటిలోనుంచి కాల్చు ‘అడ్డపొగ’, ముఖ్యముగా స్త్రీలలో, నేటికిని పూర్తిగా పోలేదు. ఆ వేడికి అంగిలి తెల్లబడును, ఎఱ్ఱబాఱును. ఈ అలవాటుపై 10,169 మంది గ్రామీణులను చూచిన పరిశీలన 1971లో వెలువడినది.

ఏ మచ్చ రాచపుండో కంటిచూపు తేల్చలేదు. కావున వైద్యులు బియ్యపుగింజంత ముక్క తీసి, ఫార్మలిన్‌లో నిలువచేసి, మైనమున పొదిగి, మిల్లీమీటరులో 200వ వంతు మందమున పొరలు కోసి రంగులద్దుదురు. కణకేంద్రములు నీలము, తక్కినది గులాబి. క్రమము తప్పిన కణములు పైపొర అడుగుననున్న పలుచని హద్దు దాటినచో రాచపుండే. దాటకున్నచో వ్యవధి కలదు.

కోసినచో పుండు పాకునని మేము తఱచు వినుచుందుము. పాకునది ఆలస్యము చేసిన రోగము. ఈ గాయము కొలదిదినములలో మానును. ముక్క తీసిన చోటు తప్పినచో మరల తీయవలసివచ్చును. చుట్ట మానిన కొందఱిలో మచ్చలు తగ్గుటయు కలదు.